జెర్రికి కేటాయించిన క్వార్టరు

మన దేశంలో పుట్టుకకు ఫారం ఉంది. చావుకు ఫారం ఉంది. మధ్యలో ఇంకా బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఇచ్చుకునే ఫారం కూడా ఉంది. జెర్రికి మాత్రం చాలాకాలం ఏ ఫారమూ లేదు. ఇంట్లో కనిపిస్తే చెప్పు తీసి ఒక్కటిచ్చి, చీపురుతో బయటికి నెట్టి, చేతులు కడుక్కుని మిగిలిన కాఫీ తాగడమే తప్ప, ఏదీ ఒక పద్ధతి ప్రకారం జరిగేది కాదు. ఈ లోటును కాలవల మీదా గట్ల మీదా అజమాయిషీ చేసే ఒక శాఖవారు పూడ్చారు.

ఆ శాఖలో పైనెక్కడో ఉండే ఒక పెద్ద అధికారి కొండల మీద ఐదు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. రోకలిబండ అనే పురుగు ఎండుటాకులు తిని నేలకు సారం ఇస్తుందనీ, ఎవరినీ కరవదనీ, జనం దాన్ని జెర్రి అనుకుని తొక్కి చంపేస్తున్నారనీ అక్కడెవరో చెప్పగా విని ఆయన మనసు కరిగిపోయింది. కొండ దిగిన మూడోనాడే పదకొండు పేజీల సర్క్యులర్ వచ్చింది. దాని పేరు «నివాసగృహాంతర్గత బహుపాద జీవుల గుర్తింపు, వర్గీకరణ మరియు తదనంతర చర్యలు».

పదకొండు పేజీల సారం ఇంతే. ప్రభుత్వ క్వార్టరులో దొరికిన పురుగు జెర్రి అయితే ఆ ఇల్లు మనుషులుండడానికి పనికిరాదు, ఏడు రోజుల్లో ఖాళీగా ఉన్న వేరే క్వార్టరు ఇవ్వాలి. రోకలిబండ అయితే ఇల్లు దివ్యంగా ఉన్నట్టు, అందులో ఉంటున్నవాళ్ళు గర్వపడాలి. ఏదో తేలేవరకు దాన్ని చంపడం సాక్ష్యాన్ని మాయం చేయడం కిందికి వస్తుంది.

అది ఇదా ఇది అదా తేల్చడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. జెర్రి ఎర్రగా, బల్లపరుపుగా ఉండి, చూసేలోపు గోడ దాటేస్తుంది. కరిస్తే తెల్లారేదాకా కేకలు పెట్టిస్తుంది. రోకలిబండ నల్లగా, గుండ్రంగా, దేవుడి ఊరేగింపులా మెల్లగా పోతుంది. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. ఆ శాఖవారి గెడ్డవలస కాలనీలో పాలపళ్ళు ఊడని పిల్లలక్కూడా ఈ సంగతి తెలుసు. తెలియనిదల్లా ఆఫీసుకే.

ఆ ఆఫీసులో గంటి అప్పలనరసయ్య సీనియర్ అసిస్టెంటు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసు. రూలు తప్పిన కామా కూడా ఆయన ఫైల్లో ఉండదని పేరు. భార్య సూరీడమ్మతో పదకొండేళ్ళుగా తొమ్మిదో నంబరు క్వార్టరులో కాపురం. ఆ ఇంటి గోడల్లో అరచేయి పట్టేంత పగుళ్ళు, స్నానాలగది తూముకి మూత లేదు. వాన పడితే లోపలి గోడలు కూడా చెమటలు పడతాయి. ఆ ఏడు వానాకాలంలో కూతురు రోహిణి మొదటి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల.

వచ్చిన నాలుగో రోజున రోహిణి మంచం కోడు మీద జానెడు జెర్రి కనిపించింది. అప్పలనరసయ్య చెప్పు ఎత్తాడు.

"ఆగండి!" సూరీడమ్మ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా జీవాన్ని సంపీత్తారేటండీ? మతి ఉందా మీకు?"

"చంపకపోతే అది పిల్లని కరుస్తుందే."

"కరవకండా పట్టండి. సంపకండా పట్టండి."

అప్పలనరసయ్య చెప్పు దించాడు. భార్య మాట ఒకటి, సర్క్యులర్ ఒకటి. రెండూ ఒకే మాట చెప్పడం ఆయన వైవాహిక జీవితంలో అదే మొదలు. పైగా ఆ సర్క్యులర్‌కి నకళ్ళు తీసి కాలనీ అంతటా పంచింది ఆయనే. జెర్రి దొరికితే ఏడు రోజుల్లో వేరే క్వార్టరు. పద్నాలుగో నంబరు రెండు నెలలుగా ఖాళీగా ఉంది. ఇంజనీరు గారుండి వెళ్ళిన ఇల్లు, కొత్త ప్లాస్టరింగు, కొత్త సున్నం, తూముకి ఇనప జాలీ. ఇది ఆపద కాదు, అదృష్టం తలుపు తట్టిందనుకున్నాడాయన. సూరీడమ్మ ఉసిరికాయ పచ్చడి గాజుసీసా కడిగి తెచ్చింది. పొరకపుల్లతో జెర్రిని అందులోకి నెట్టి, మూతకి మేకుతో మూడు చిల్లులు పెట్టారు.

"వారం రోజులమ్మా," అన్నాడు కూతురితో. "వారంలో పద్నాలుగో నంబరులో ఉంటాం."

ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో రవ్వంత అనుమానం లేదు.

మర్నాడు పదింటికి సీసా సూపరింటెండెంటు కామేశం గారి బల్ల మీదికి చేరింది. కామేశం గారు కళ్ళజోడు సవరించుకుని దరఖాస్తు చదివారు.

"దొరికినది జెర్రి అని రాశారు. ఎవరు నిర్ణయించారు?"

"కనపడుతూనే ఉంది కదండీ."

"ఎవరికి?"

"నాకు. తమక్కూడా."

"నాకు కనపడలేదు," అన్నారు కామేశం గారు సీసా వైపు చూస్తూనే. "నాన్‌గెజిటెడ్ వాళ్ళం మనం. మనకు కనపడకూడదు. 'జెర్రి' కొట్టేసి 'జెర్రిగా భావింపబడుచున్న జీవి' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేయండి."

అప్పలనరసయ్య అలాగే చేశాడు. సీసాకి ఇన్‌వర్డ్ ముద్ర వేసిన చీటీ అంటించారు. నంబరు ఆరు వందల పద్నాలుగు. ఆ తర్వాత కామేశం గారు సర్క్యులర్‌లోని నాలుగో నిబంధన రెండో ఉపనిబంధన పైకి చదివారు. «నమూనా జీవిని గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి స్వహస్తముతో స్పృశించవలెను. స్పర్శానంతరము అది చుట్టుకొన్నచో రోకలిబండగాను, కరచినచో జెర్రిగాను ధృవీకరించవలెను.»

"మన ఆఫీసులో గెజిటెడ్ అంటే ఈఈ గారొక్కరే," అన్నారాయన గౌరవంగా.

ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి పేరు పద్మలోచనరావు. నకళ్ళ మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టడంలో ఆయనకు జిల్లాలో సాటి లేదు. పదో తరగతి మార్కుల జాబితాల నుంచి కులధృవీకరణల దాకా ఎవరేం తెచ్చినా, మాట్లాడుతూ మాట్లాడుతూనే సంతకం పెట్టేవారు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క ఒరిజినలూ చూడలేదు. ఒరిజినల్ అడిగితే ఎదుటివాణ్ణి అనుమానించినట్టవుతుందని ఆయన మర్యాద. అలాంటి మనిషి ముందు మొదటిసారిగా ఒరిజినల్ ఒకటి వచ్చి, సీసాలో గుండ్రంగా తిరుగుతోంది.

పద్మలోచనరావు గారు కుర్చీని జానెడు వెనక్కి జరిపారు.

"కరిస్తేనే జెర్రి అని కదూ రూలు?"

"అవునండి."

"కరవకపోతే?"

"రోకలిబండండి."

"అసలు ముట్టుకోకపోతే?"

"పెండింగండి," అన్నాడు అప్పలనరసయ్య.

"పెట్టండి," అన్నారు ఈఈ గారు హాయిగా.

అయితే పెండింగు పెట్టడానికైనా కాగితం కదలాలి కదా. పట్టణంలో ఉన్న ఇతర గెజిటెడ్ అధికారులకు, తమరు దయచేసి ఒకసారి ముట్టుకోగలరా అని ఉత్తరాలు వెళ్ళాయి. ఆస్పత్రి నుంచి జవాబు వచ్చింది: «కరచిన పిదప రోగిని చూచుట మా విధి. కరవకముందు చూచుట మా పరిధిలో లేదు. కరచిన పిదప వచ్చునప్పుడు, కరచిన జీవి యొక్క ధృవీకరణ పత్రము వెంట తెచ్చుకొనవలెను.» పశువైద్యులు రాశారు: «రెండు కాళ్ళ కోళ్ళ నుండి నాలుగు కాళ్ళ పశువుల వరకే మా శాఖ. అంతకు మించిన కాళ్ళు వ్యవసాయ శాఖవి.» వ్యవసాయ శాఖవారు రాశారు: «పంటకు పట్టినచో మాది. మంచమునకు పట్టినచో మాది కాదు.»

ఈ మూడు జవాబులు రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. రోహిణికి ఎనిమిదో నెల వచ్చింది.

ఈలోగా తొమ్మిదో నంబరులో వాన తగ్గలేదు, జెర్రులూ తగ్గలేదు. బియ్యం డబ్బా వెనక ఒకటి, తలగడ కింద ఒకటి, రోహిణి ఆరేసిన లంగా మడతలో ఒకటి. సూరీడమ్మ కాపలా కుక్కలా తిరిగింది. దేన్నీ చంపలేదు, దేన్నీ వదల్లేదు. ఒకే సీసాలో రెండు వేస్తే ఒకదాన్నొకటి తింటాయని తెలిశాక ఆవకాయ, మాగాయ, గోంగూర అన్నీ గిన్నెల్లోకి మారాయి, గాజుసీసాలన్నీ ఆఫీసుకు వెళ్ళాయి. ఒక దరఖాస్తుకు ఒకే నమూనా అన్నారు కామేశం గారు. తొమ్మిదో నంబరు పేర పదకొండు దరఖాస్తులయ్యాయి. ఊళ్ళో అద్దెకు పోదామంటే ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు కాలనీలోనే ఉండి తీరాలి. పిల్లను అత్తవారింటికి పంపుదామంటే, పురిటికి తెచ్చుకున్న పిల్లను మధ్యలో తిప్పి పంపినవాళ్ళని పదిమందీ నవ్వుతారు.

"నాన్నా, నాకు గోడలు చూస్తూ పడుకోడం అలవాటైపోయింది," అంది రోహిణి ఒకరోజు. "మీరేం బెంగపెట్టుకోకండి."

బెంగపెట్టుకోవద్దని అన్నందుకే ఆయనకు బెంగ పట్టుకుంది. కన్నకూతురికి నాలుగు పొడి గోడలివ్వలేని బతుకూ ఒక బతుకేనా అనుకున్నాడు. అయినా మర్నాడు పదింటికల్లా ఆఫీసుకు వెళ్ళాడు. వెళ్ళకపోతే ఫైలు ఎవరు కదుపుతారు?

తొమ్మిదో నంబరు చూసి మిగతా కాలనీకి ధైర్యం వచ్చింది. పదిహేనో నంబరు వాళ్ళు నాలుగు తెచ్చారు. గట్టు కింద లైను ఇళ్ళ వాళ్ళు తట్టలో పెట్టుకుని మరీ తెచ్చారు. నెల తిరిగేసరికి ఆఫీసు బీరువాల మీద నలభై ఒక్క సీసాలు బారులు తీరాయి. అవి సాక్ష్యం కనుక చావకూడదు. మేపే బాధ్యత అటెండరు దాలినాయుడి మీద పడింది.

"బాబూ, రోజుకో బొద్దింకని తింతన్నాయి ఒక్కోటీని," అన్నాడు దాలినాయుడు అప్పలనరసయ్యతో. "రికార్డు రూములో బొద్దింకలు అయిపోవచ్చినాయి. రేపటికేటి సెయ్యమంటారు?"

నిజమే. ఆఫీసు కట్టినప్పటి నుంచి ఏ మందుకూ చావని బొద్దింకలు మూడు వారాల్లో మాయమయ్యాయి. ఆఫీసు పరిశుభ్రత తన పర్యవేక్షణ ఫలితమని కామేశం గారు పై ఆఫీసుకు రిపోర్టు రాసుకున్నారు. దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది.

కానీ ఒకనాటి మధ్యాహ్నం ఫ్యాను గాలికి ఒక సీసా దొర్లి టైపిస్టు ఒళ్ళో పడింది. మూత ఊడలేదు. టైపిస్టు మాత్రం ఊడింది, మళ్ళీ ఆఫీసుకు రానని సెలవుచీటీ పంపేసింది. ఈఈ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఈ జీవులు ప్రస్తుతం ప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయి," అన్నారాయన. "వాటికి పొడిగా, గాలి వెలుతురు వచ్చేలా, తాళం వేసుకునే వీలున్న వసతి అవసరం. కాలనీలో అలాంటిది ఏదైనా ఖాళీగా ఉందా?"

అందరూ అప్పలనరసయ్య వైపు చూశారు. క్వార్టర్ల కేటాయింపు సీటు ఆయనదే.

"ఉందండి," అన్నాడాయన, తన గొంతు తనకే వినపడకుండా. "పద్నాలుగు."

ఆ నోటు ఆయన చేత్తోనే రాయాల్సి వచ్చింది. «ధృవీకరణ పెండింగులో ఉన్న జీవులకు తగిన వసతి లేనందున, ఖాళీగా ఉన్న పద్నాలుగవ నంబరు క్వార్టరును వాటికి తాత్కాలికముగా కేటాయించుటకు ప్రతిపాదన సమర్పించడమైనది.» ముత్యాల్లాంటి అక్షరాలు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ అలవాటు కదా, కోపంతో రాసినా చేతిరాత చెడలేదు. చెడితే కాస్త నయంగా ఉండేదేమో.

ఇంటికి వచ్చి చెప్పాడు.

"జెర్రులకి ఇల్లిచ్చినారా?" అంది సూరీడమ్మ.

"తాత్కాలికంగా."

"మరి మనకి?"

"అవి ఏమిటో తేలాక."

"మీరు రాసినారా ఆ కాయితం?" అని అడిగింది సూరీడమ్మ. ఆయన తల దించుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గోడ పగుళ్ళలో గుడ్డపేలికలు కుక్కుతూ కూర్చుంది. తిట్టి ఉంటే ఆయనకి ఆ రాత్రి నిద్రయినా పట్టేది.

రోహిణికి తొమ్మిదో నెల వచ్చినప్పుడు పైనుంచి పెండింగు రహిత పక్షోత్సవాలు వచ్చాయి. పదిహేను రోజుల్లో ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం కూడా పెండింగు ఉండకూడదు. పద్మలోచనరావు గారు ఉత్సాహంగా రంగంలోకి దిగారు. మధ్యాహ్నం భోజనానికీ నాలుగింటి టీకీ మధ్య నలభై ఒక్క ఫారాలు ఆయన బల్ల మీదికి వచ్చాయి. ఫారాలే వచ్చాయి. సీసాలు పద్నాలుగో నంబరులో చల్లగా ఉన్నాయి. ఆయన ఫోనులో బావమరిదితో గృహప్రవేశం ముహూర్తం గురించి మాట్లాడుతూ, ఒక్కొక్క ఫారం మీద ఆకుపచ్చ సిరాతో రాసుకుంటూ పోయారు. «స్వహస్తముతో స్పృశించడమైనది. చుట్టుకొన్నది. కరవలేదు. రోకలిబండ.» నలభై ఒక్కసార్లు.

సాయంత్రం కామేశం గారు అప్పలనరసయ్యకి పదకొండు రసీదులు అందించారు.

"అభినందనలు. తమ పదకొండూ క్లియరయ్యాయి. తొమ్మిదో నిబంధన చూశారుగా. ధృవీకరింపబడిన రోకలిబండలను ఇరవైనాలుగు గంటల్లో, గౌరవభంగం కలగకుండా, అవి లభించిన గృహమునందే తిరిగి విడిచిపెట్టాలి. విడిచినట్టు ఇక్కడ సంతకం."

"కామేశం గారూ," అన్నాడు అప్పలనరసయ్య, "అవి జెర్రులండి. మా అమ్మాయి నెలలు నిండిన మనిషండి."

"సంతకం అవకముందు మీరు జెర్రులన్నా నేనేమీ అనలేదు. ఇప్పుడు సంతకం అయింది. ఇప్పుడలా అనడం ఈఈ గారిని కరిచినట్టు."

అప్పలనరసయ్య రసీదులు చేతిలో పట్టుకుని ఇంటికి నడిచాడు. సర్వీసులో మొట్టమొదటిసారి ఆయనకు ఒక రూలు మీద అసహ్యం వేసింది. రూలు పాటిస్తే కూతురి మంచం కింద పదకొండు జెర్రులు. పాటించకపోతే పింఛనుకి రెండేళ్ళు ఉండగా ఛార్జిషీటు. చెప్పాలో వద్దో తెలియక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. సూరీడమ్మ ఆయన చేతిలోంచి రసీదులు లాక్కుని, "ఏటివి?" అంది. చెప్పాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"పద్నాలుగో నంబరు తాళం మీ దగ్గిరే ఉందా?"

"ఉంది. ఎందుకే?"

"రేపు పొద్దున్న నాను మీ ఆఫీసుకి వొస్తన్నాను."

మర్నాడు పదిన్నరకి సూరీడమ్మ ఈఈ గారి గదిలోకి వచ్చింది. చేతిలో అన్నిటికంటే పెద్ద సీసా. ఇన్‌వర్డ్ నంబరు ఆరు వందల పద్నాలుగు. రెండు నెలలుగా సర్కారు బొద్దింకలు తిని అది జానెడున్నరయింది. ఆవిడ వెనక అప్పలనరసయ్య, ఆయన వెనక కామేశం గారు, గుమ్మంలో దాలినాయుడు.

"బాబుగారూ, దణ్ణాలు," అంది ఆవిడ. "నాను సదువుకోనిదాన్ని. ఇది రోకలిబండని తమరు ముట్టుకుని సెప్పినారంట. ఇంట్లో పురిటికొచ్చిన పిల్లుంది బాబూ. నా పిరికితనం నాది. ఒక్కసారి నా ఎదర ముట్టుకుని సూపించండి. సుట్టుకున్నాదంటే దీన్ని కొంగున కట్టుకుని ఇంటికి అట్టుకుపోతాను."

"అమ్మా," అన్నారు పద్మలోచనరావు గారు గంభీరంగా, "ఒకసారి ధృవీకరించిన దానిని పునఃధృవీకరించుటకు నిబంధనలలో అవకాశము లేదు."

"ధృవీకరించొద్దు బాబూ. ఊరికే ముట్టుకోండి."

"అంటే..."

"నిన్న నలభై ఒక్కటి ముట్టుకున్నారు కదా. ఇంకొక్కటి."

అని, ఆయన బల్ల మీద సీసా పెట్టి మూత తీసింది.

జెర్రి సీసా అంచు మీదికి వచ్చి, మీసాలు ఆడించి, ఎటు వెళ్దామా అని నాలుగు దిక్కులూ చూసింది. తర్వాత సర్రున దిగి ఆకుపచ్చ సిరాబుడ్డి వైపు నడిచింది. పద్మలోచనరావు గారి కాళ్ళు నేలనుంచి లేచి కుర్చీ మీదికి వచ్చాయి. ఆయన వాటి వెనకే లేచి కుర్చీలో నిలబడ్డారు.

"కామేశం! ఏమిటయ్యా అది?"

"నాన్‌గెజిటెడ్‌ని సార్," అన్నారు కామేశం గారు గోడకి అతుక్కుపోయి. "నేను చెప్పకూడదు."

"తియ్యమనవయ్యా దాన్ని!"

"తమరే ముట్టుకుని తీయండి బాబూ," అంది సూరీడమ్మ. "కరవదని తమరే రాసినారు. తమరి సేతి మీద నమ్మకం ఉంచే కదా వీటిని మా ఇంట్లో వొగ్గమంతన్నారు."

అప్పలనరసయ్య భార్య వంక చూశాడు. ఆవిడ ముఖంలో కోపం లేదు, వెటకారం లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూసి ముందుకు వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"సార్," అన్నాడు, "మిగిలిన పది కూడా బయట రిక్షాలో ఉన్నాయి. తమరు ముట్టుకున్న వెంటనే ఇంటికి తీసుకెళ్ళి, రూలు ప్రకారం వదిలేసి, సంతకం పెట్టేస్తాను."

పద్మలోచనరావు గారు ఊరికే ఈఈ అవలేదు. మునిగే పడవలోంచి కూడా బట్టలు తడవకుండా దిగగలిగినవాడే ఆ హోదాకు వస్తాడు. జెర్రి అని ఒప్పుకుంటే నలభై ఒక్క సంతకాలు అబద్ధం. రోకలిబండ అంటే ముట్టుకోవాలి. ఆయన కుర్చీ మీద నిలబడే కళ్ళు మూసుకుని, తెరిచి, డిక్టేషన్ మొదలుపెట్టారు. అప్పలనరసయ్య చేతులు అలవాటు కొద్దీ కాగితం, కలం వెతుక్కున్నాయి.

"రోకలిబండలు నేలతల్లికి మిత్రులు. కామా. వాటికి ప్రశాంత వాతావరణము అవసరము. ఫుల్‌స్టాప్. తొమ్మిదవ నంబరు క్వార్టరునందు మానవులు సంచరించుచున్నందున సదరు జీవులు కాళ్ళ కింద పడి నలిగిపోవు ప్రమాదము కలదు. విశేషించి నెలలు నిండిన స్త్రీ తన పాదములను తాను చూచుకొనజాలదు. కావున సదరు జీవుల క్షేమము దృష్ట్యా, వాటి నివాసమునకు అడ్డంకిగా ఉన్న గంటి అప్పలనరసయ్య మరియు కుటుంబమును తక్షణమే పద్నాలుగవ నంబరుకు తరలించవలెను. తొమ్మిదవ నంబరును సదరు జీవులకు శాశ్వతముగా కేటాయించడమైనది. రాశారా?"

'అడ్డంకి' దగ్గర అప్పలనరసయ్య కలం ఆగింది. పదకొండేళ్ళు కాపురం చేసిన ఇంట్లో తన సంసారం పురుగులకు అడ్డంకి! ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసుకు ఇదా బిరుదు? సూరీడమ్మ ఆయన మోచేతిని పొడిచింది.

"రాసీండి," అంది చెవిలో. "మనల్ని ఏటని రాత్తే మనకేటి? గోడలు పొడిగున్నాయా నేదా?"

రాశాడు. పద్మలోచనరావు గారు వంగి, సిరాబుడ్డికి అందనంత దూరం నుంచి కలం అడిగి తీసుకుని, మొదటిసారి నీలం సిరాతో సంతకం పెట్టారు. సంతకం అయ్యాక సూరీడమ్మ సీసాను బోర్లించి జెర్రిని లోపల వేసి, కింద అట్ట తోసి, మూత బిగించింది. ఆ మొత్తానికి ఆవిడకి మూడు నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నానికల్లా సామాను పద్నాలుగో నంబరుకు చేరింది. సీసాలు ఎదురు దారిలో తొమ్మిదో నంబరుకు వెళ్ళాయి. ఇంకా మంచం వేయకముందే రోహిణి కొత్త గచ్చు మీద చాప పరుచుకుని, గోడ వైపు వీపు తిప్పి పడుకుంది. దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు. అప్పలనరసయ్య గుమ్మంలో కూర్చుని, కూతురు నిద్రపోతుంటే చూస్తూ, ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

పన్నెండో రోజున ఆడపిల్ల పుట్టింది.

అటు తొమ్మిదో నంబరుకి కూడా మంచి రోజులొచ్చాయి. 'రోకలిబండల నివాసము. మనుషులకు ప్రవేశము లేదు' అని బోర్డు పెట్టారు. వాటికి చెమ్మ అవసరమని సర్క్యులర్‌లో ఉంది కనుక నీళ్ళు చల్లడానికి ఒక మనిషిని వేశారు. కాలనీకి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, తొమ్మిదో నంబరుకు రోజుకు రెండుసార్లు. పెద్ద అధికారి స్వయంగా వచ్చి చూసి, రోడ్డు మీద నుంచే ఫోటో తీయించుకుని, జిల్లాకొకటి ఇలాంటిది ఉండాలన్నారట.

పిల్ల పుట్టిన మూడో వారంలో ఒక సాయంత్రం కామేశం గారు పద్నాలుగో నంబరుకు వచ్చారు. బారసాలకు ముందే పిల్లను చూడ్డానికొచ్చారేమో అనుకుని అప్పలనరసయ్య కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. పై పంచె కింద ఏదో దాచుకుని అటూ ఇటూ చూశారు.

"అప్పలనరసయ్యగారూ, మా ఆరో నంబరు సంగతి తమకు తెలుసుగా. వాన పడితే దేవుడి గూట్లోకి కూడా నీళ్ళు. పదహారో నంబరు ఖాళీ అవుతోందట." గొంతు తగ్గించారు. "కానీ మా ఇంట్లో ఏ జీవీ లేదండీ. మా ఆవిడ గచ్చు రోజుకు మూడుసార్లు కడుగుతుంది. ఒక్కటైనా లేదు."

పంచె కిందనుంచి ఖాళీ గాజుసీసా బయటికి తీశారు. మూతకి మూడు చిల్లులు పెట్టించుకునే తెచ్చుకున్నారు.

"తమరు సామాను తెచ్చుకునేటప్పుడు ఏ మూటలోనైనా ఒకటీ అరా వచ్చి ఉంటే ఇప్పించండి. ఏదైనా పర్వాలేదు. అది ఏమిటన్నది నాకెలాగూ కనపడదు కదా."

లోపలి గదిలోంచి, పిల్లను భుజాన వేసుకుని జోకొడుతూ సూరీడమ్మ వచ్చింది. సీసాను చూసింది, కామేశం గారిని చూసింది.

"నేవు బాబుగారూ," అంది. "మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి నేదు."

కాలనీలో పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట అనే భాగ్యం ఆవిడకి అదే మొదటిసారి. అందుకని ఇంకోసారి, కాస్త గట్టిగా, అరుగు మీదున్న పక్కింటివాళ్ళకు కూడా వినపడేలా అంది.